హాకీ నవలల్లో అమ్మాయి చేతికి స్టిక్ ఎప్పుడిస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. కాలేజీ హాకీ ప్రేమ నవలల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రీల్స్ చూసి మన అమ్మాయిలు ఈ ఇంగ్లీషు నవలల వెంట పడుతున్నారని, మంచు ముఖం చూడని ఊళ్లలో కూర్చుని ఐస్ హాకీ హీరోల కోసం కలలు కంటున్నారని, వాటిలో ఉన్నవన్నీ ఉత్తుత్తి ప్రేమలేనని వ్యాసకర్త వెక్కిరించారు. వెక్కిరింపు బాగానే పండింది. నేనూ రెండు చోట్ల నవ్వాను. అయితే ఆయన ఆ నవలల్లో ఒక్కటైనా చివరిదాకా చదివినట్టు లేదు. నేను చదివాను. పైగా హాకీ నాకు అన్నం పెట్టిన ఆట. రాయలసీమలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది మట్టి గ్రౌండ్ మీద ఆడే హాకీ, వాళ్లది ఐస్ మీద ఆడేది. ఆ తేడా నాకూ తెలుసు. తెలిసే రాస్తున్నాను.

నా కంటపడిన మొదటి నవల ఎల్ కెనెడీ అనే కెనడా రచయిత్రి రాసిన ‘ది డీల్’. 2015లో వచ్చింది. ఇప్పుడు దాన్ని వెబ్ సిరీస్‌గా కూడా మలిచారు. ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంటుకి వెళ్తుంటే మా గోల్‌కీపర్ ప్యాడ్‌ల సంచిలో దొరికింది. పైన కెమిస్ట్రీ రికార్డు అట్ట. లోపల ఇది. టీమ్‌లో అప్పటికే సగం మంది చదివేశారని పేజీల మడతలే చెప్పాయి. ‘‘నీది అయిపోయాక నాకివ్వు’’ అన్నాను. అప్పటిదాకా అంత్యాక్షరితో మోగిపోతున్న బస్సు ఒక్కసారి చల్లబడింది. తిడితే వాళ్లకు అలవాటే. చదువుతానంటేనే టెన్షన్ పట్టుకుంది.

కథ ఇదీ. మసాచుసెట్స్‌లో ఒక కల్పిత యూనివర్సిటీ. హీరో హాకీ టీమ్ కెప్టెన్. ఎథిక్స్ పేపర్‌లో తన్నేశాడు. మార్కులు బాగు చేసుకోకపోతే ఆటకు అనర్హుడైపోతాడు. అదే క్లాసులో ఎ గ్రేడ్ కొట్టిన సంగీతం విద్యార్థిని హీరోయిన్. పాఠం చెప్పమని వెంటపడతాడు, ఆ అమ్మాయి పొమ్మంటుంది. ఆ అమ్మాయికి ఫుట్‌బాల్ ఆడే మరో కుర్రాడంటే ఇష్టం, అతనేమో ఈమెను పట్టించుకోడు. దాంతో బేరం కుదురుతుంది: నువ్వు నాకు పాఠం చెప్పు, నేను నీతో జంటగా తిరిగినట్టు నటిస్తాను, అప్పుడు అతని చూపు నీ మీద పడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో తెలుగు సినిమాలు చూసేవాళ్లకు చెప్పాలా? దొంగ పెళ్లితో మొదలై అసలు పెళ్లితో ముగిసే కథలు మనకేమన్నా కొత్తా?

వ్యాసకర్త ‘‘మార్కుల కోసం ప్రేమ నటించడం ఏం కథ’’ అన్నారు. నాకు మటుకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఆ మార్కుల గొడవే. అది రచయిత్రి గాల్లోంచి తీసిందేమీ కాదు. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థకు నిజంగానే అలాంటి నిబంధనలున్నాయి. పెద్ద డివిజన్‌లో ఆడే విద్యార్థి ఏటికేడాది డిగ్రీ వైపు ఇంత శాతం ముందుకు జరగాలి, గ్రేడ్ల సగటు ఇంతకు తగ్గకూడదు అని లెక్క ఉంటుంది. తగ్గితే కెప్టెన్ అయినా స్టేడియంలో కూర్చుని చూడాల్సిందే. నా సర్వీసంతా ఇలాంటి రూల్ ఒక్కటి మా కాలేజీలోనూ ఉంటే బాగుండు అనుకున్నాను. మా దగ్గర సెమీఫైనల్ ఉందంటే పిల్లని పరీక్ష మాన్పించి మరీ పంపమని అడిగేవాళ్లు. కప్పు గెలిస్తే ప్రిన్సిపాల్ గదిలో గ్రూప్ ఫొటో. ఆ పిల్లకి మిగిలిపోయిన సబ్జెక్టులు మాత్రం పిల్లకే. సర్టిఫికెట్లు ఫైలునిండా ఉండి డిగ్రీ పూర్తికాక ఇంట్లో కూర్చున్న ఆటగత్తెలు నాకు పేరు పేరునా తెలుసు. ఒక టైంపాస్ ప్రేమకథ ఆటనీ చదువునీ ఒకే ముడి వేసి నడిపించిందంటే నేను పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ చదివాను.

ఇక ఆట విషయానికొస్తే, ఈ నవలలు కొంచెం ఉప్పూకారం ఎక్కువే వేస్తాయి. ఐస్ మీద ఒక్కో జట్టుకి గోలీతో, అంటే గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే ఉంటారు. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ఆటగాళ్లు నిమిషం కూడా నిలవకుండా గోడ దూకి మారుతూనే ఉంటారు, అంత వేగం మరి. నవలల్లో హీరోలు పళ్లూడేలా కొట్టుకుంటారు గానీ, కాలేజీ హాకీలో ముఖం మొత్తాన్ని కప్పే హెల్మెట్ తప్పనిసరి. చెయ్యి చేసుకుంటే ఆ మ్యాచ్‌తో పాటు తర్వాతి మ్యాచ్ కూడా పోతుంది. ఇంకో సంగతి, చాలామంది జూనియర్ లీగుల్లో ఒకటి రెండేళ్లు ఆడాకే కాలేజీలో చేరతారు కాబట్టి ఫస్టియర్ కుర్రాడికే ఇరవై నిండి ఉంటాయి. హీరోలు పెద్దమనుషుల్లా కనిపించడానికి అదీ ఒక కారణం.

దొంగ ప్రేమ అనేది మన అమ్మాయిల బతుకులకు సంబంధం లేని వ్యవహారం అని వ్యాసంలో రాశారు. అయ్యా, మా ఊళ్ల బస్సుల్లో తిరిగిన అమ్మాయిని ఎవరినైనా అడగండి. మా టీమ్‌లో లెఫ్ట్ హాఫ్ ఆడే పిల్ల ఒకామె ఉండేది. ప్రాక్టీస్ అయ్యాక ఎక్కే సాయంత్రం బస్సులో ఒకడు రోజూ ఎదురు సీట్లో చేరేవాడు. పేరడగడం, ఊరడగడం, దిగితే వెనకాలే దిగడం. ఈ పిల్ల ఒకరోజు విసిగిపోయి ‘‘మా బావతో నాకు నిశ్చయమైపోయింది, మిలటరీలో ఉన్నాడు’’ అని చెప్పింది. అక్కడితో ఆగిందా? టీమంతా ఆ బావని పెంచి పోషించారు. పోస్టింగ్ సియాచిన్‌లో వేశారు, అక్కడికైతే ఎవడూ ఫోన్ చేసి కనుక్కోలేడని. ఎత్తు ఆరడుగులు. ఆయన పుట్టినరోజని బస్సులో కండక్టర్‌తో సహా అందరికీ చాక్లెట్లు పంచారు. ఆ ఎదురు సీటువాడు నిజంగానే రావడం మానేశాడు.

కబురు మాత్రం ఊరికి చేరింది. ఓ పొద్దున వాళ్ల నాన్న తలపాగా చేత్తో పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. ‘‘మేడమ్, నాకు అక్కచెల్లెళ్లు లేరు. మా ఆడమనిషికి అన్నదమ్ములు లేరు. ఈ బావ యాడ్నుంచి వచ్చినాడు?’’ నవ్వాపుకోలేక చచ్చాను. కూర్చోబెట్టి టీ తెప్పించి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోపం బావ మీద నుంచి బస్సులో వాడి మీదికి మళ్లింది, అక్కణ్ణుంచి నేరుగా హాకీ మీదికి వచ్చింది. సాయంత్రం ప్రాక్టీస్ ఉండబట్టే కదా చీకటి బస్సు, చీకటి బస్సు ఉండబట్టే కదా ఈ గోల, కాబట్టి ఆట మానిపించేస్తానన్నాడు. బస్సులో కూర్చున్నవాడికి ఏ నష్టమూ లేదు చూడండి, పోయేది పిల్ల ఆట. చివరికి ప్రాక్టీస్‌ను పొద్దున ఆరింటికి మార్చి, ఊరి పిల్లలందర్నీ హాస్టల్‌లో ఉంచే ఏర్పాటు చేస్తే గానీ ఆయన మెత్తబడలేదు.

అమెరికా నవలలో ఉత్తుత్తి జంట కట్టింది ఒకరి దృష్టిలో పడటానికి. మా పిల్ల ఉత్తుత్తి బావని కల్పించుకుంది ఒకడి దృష్టి తప్పించుకోవడానికి. అందుకే మా పిల్లలు ఆ పుస్తకాన్ని మనవాళ్ల కథలా చదివారు. పరాయి కలలా చదివారని మీ వ్యాసకర్త ఊహ.

అందులోని శృంగారం సంగతి కూడా చెప్పాలి, దాటేస్తే మీరే అడుగుతారు. ఉంది, బాగానే ఉంది. అది పెద్దవాళ్ల నవల. అట్టల మీద కార్టూన్ బొమ్మలు వేసి పిల్లల పుస్తకాల పక్కన పెట్టి అమ్మే షాపులవాళ్లను నిలదీయాల్సిందే, ఆ మాటలో వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. మా పిల్లలు డిగ్రీ చదివేవాళ్లు, ఓటు హక్కున్నవాళ్లు. వాళ్లకు నేను చెప్పిందల్లా రికార్డు అట్ట తీసేసి చదవమని. ఎందుకంటే ఆ నవల నడిమధ్యలో నవ్వులాట కాని విషయం ఉంది. ఆ హీరోయిన్‌పై స్కూల్ రోజుల్లో అత్యాచారం జరిగింది, ఊరు ఊరంతా ఆ కుర్రాడి పక్షాన నిలిచింది. హీరో తండ్రి పేరుమోసిన హాకీ ఆటగాడు, ఇంట్లో భార్యాబిడ్డల్ని చావబాదినవాడు. ఈ ఇద్దరూ ఒకరినొకరు అడిగి, ఆగి, వద్దంటే వెనక్కి తగ్గి దగ్గరవుతారు. వద్దంటే వద్దనే అర్థం అని నేను ఏళ్ల తరబడి చేయించిన అవగాహన సదస్సుల్లో పిల్లలు ఆవులించేవారు. ఇక్కడ అదే మాట కోసం నిద్ర మానుకున్నారు.

నాకు బాధ కలిగించింది పుస్తకం కాదు, దాని చుట్టూ చేరిన కొందరి ప్రవర్తన. 2023లో, అప్పట్లో సియాటిల్ క్రాకెన్ అనే ప్రొఫెషనల్ జట్టులో ఆడుతున్న అలెక్స్ వెన్‌బర్గ్ మీద ఈ నవలల అభిమానులు కొందరు హద్దు మీరిన వీడియోలు, కామెంట్లు పెడితే, మొదట ఆయన భార్య, తర్వాత ఆయనే ఇక చాలని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ జట్టు సోషల్ మీడియావాళ్లే అంతకుముందు ఈ పాఠకులను ఆకట్టుకోవడానికి వీడియోలు చేశారు. గొడవయ్యాక తీసేశారు. దీని గురించి మా పిల్లలతో మాట్లాడితే నేను పాఠం చెప్పే పనే లేకపోయింది. షార్ట్స్ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగిన మొదటి రోజు నుంచి కాంపౌండ్ గోడ మీద వరసగా కూర్చునే మగపిల్లల్ని చూసినవాళ్లు వాళ్లు. ఆడుతుంటే ఆటను కాక ఒంటిని చూస్తే ఎలా ఉంటుందో వాళ్లకు ఇంకొకరు వివరించాలా? ‘‘ఆయన భార్య కరెక్ట్ మేడమ్’’ అని ఒక్క మాటలో తేల్చేశారు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. ఆ తర్వాత పిల్లలు తెచ్చిచ్చినవి వరసపెట్టి చదివాను. దాదాపు అన్నిట్లోనూ హాకీ ఆడేది అబ్బాయే. అమ్మాయి పాడుతుంది, రాస్తుంది, ఫిగర్ స్కేటింగ్ చేస్తుంది, కోచ్‌గారి కూతురై ఉంటుంది. అతని నంబరున్న జెర్సీ వేసుకుని స్టాండ్స్‌లో చప్పట్లు కొడుతుంది. స్టిక్ మాత్రం పట్టుకోదు. హాకీ స్టిక్ పట్టుకుని చేతులు బొబ్బలెక్కిన పద్దెనిమిది మంది అమ్మాయిలు ఒకే బస్సులో కూర్చుని, హాకీ ఆడని అమ్మాయి హీరోయిన్ అయిన హాకీ నవల చదువుతుంటే నాకు కడుపులో మండింది.

పోనీ ఆ దేశంలో ఆడవాళ్లు ఆడరా అంటే అదీ కాదు. చదువుల్లో, ఆటల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972లోనే అక్కడ టైటిల్ నైన్ చట్టం వచ్చింది. మహిళల ఐస్ హాకీకి ఎన్‌సీఏఏ జాతీయ చాంపియన్‌షిప్ 2001 నుంచి జరుగుతోంది. బోస్టన్ ప్రాంతంలో నాలుగు యూనివర్సిటీల మధ్య బీన్‌పాట్ అనే టోర్నీ ఉంది. అందులో మహిళల పోటీ 1979లోనే మొదలైంది. 2024లో మొదటిసారి దాని ఫైనల్‌ను పురుషుల పోటీలు జరిగే టీడీ గార్డెన్ స్టేడియంలో పెడితే పది వేల మందికి పైగా వచ్చారు. ఇటీవల బోస్టన్ దగ్గర స్థిరపడిన మా పాత రైట్ వింగర్ ఫోన్ చేసి, ‘‘మేడమ్, ఇక్కడ ఆడపిల్లల మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళ్తారు’’ అని చెప్పింది. మన దగ్గర ఆడపిల్లల మ్యాచ్‌కి వాటర్ ట్యాంకర్ తెప్పించడమే గగనం.

నాటకీయత కావాలంటే 2025 మహిళల ఫైనల్ యూట్యూబ్‌లో చూడండి. విస్కాన్సిన్, ఒహాయో స్టేట్ జట్లు. విస్కాన్సిన్ ఒక గోలు వెనకబడి ఉంది, ఆట ముగియడానికి 18.9 సెకన్లే మిగిలాయి. అప్పుడు వాళ్లకు పెనాల్టీ షాట్ దొరికింది. మన పెనాల్టీ స్ట్రోక్ లాంటిదే గానీ, మధ్యగీత నుంచి పక్‌ని (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని) తోసుకుంటూ ఒంటరిగా గోలీ మీదికి వెళ్లాలి. కిర్స్టెన్ సిమ్స్ అనే అమ్మాయి వెళ్లింది, కొట్టింది, స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో గెలుపు గోలు కూడా ఆమెదే. ఒక నవలా రచయిత్రి ఇలా రాస్తే మీ వ్యాసకర్తే ‘‘మరీ సినిమాటిక్’’ అని కొట్టిపారేసేవారు. అది ఆడుతున్నంతసేపూ ఆ పిల్ల పక్కన ఏ బాయ్‌ఫ్రెండూ లేడు, ఉత్తుత్తివాడు కూడా.

పూర్తిగా నిరాశ పడనక్కర్లేదని కూడా చెప్పాలి. అదే ఎల్ కెనెడీ 2023లో ‘ది గ్రాహం ఎఫెక్ట్’ అని ఇంకో నవల రాశారు. ‘ది డీల్’లో ఉత్తుత్తి జంటగా మొదలైనవాళ్ల కూతురే అందులో హీరోయిన్. అదే యూనివర్సిటీలో హాకీ ఆడుతుంది, జాతీయ జట్టులో చోటు కోసం పాకులాడుతుంది. తల్లి పాడితే కూతురు ఆడింది. మా గోల్‌కీపర్ ఆ పుస్తకాన్ని అట్ట వేయకుండా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ‘‘ఇప్పుడైనా సరేనా మేడమ్?’’ అంది. సరే గానీ, తండ్రి పేరు మోసినవాడు కాబట్టి ఆ పిల్లకి దారి దొరికింది కదా అని నేను కొంచెం సణిగాను. నా స్వభావం అంత.

మన దగ్గర అలా పేరున్న తండ్రులు లేకుండానే వచ్చినవాళ్లున్నారు. చిత్తూరు జిల్లాలో ఒక పల్లెలో పుట్టిన రజని ఎతిమరపు భారత మహిళా హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయింది. టోక్యో ఒలింపిక్స్‌లో మన మహిళలు నాలుగో స్థానంలో నిలిచిన రోజు మా గ్రౌండ్‌లో స్వీట్లు పంచాం. ఐస్ హాకీయే కావాలంటే, 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలు, గడ్డకట్టిన చెరువుల మీద ఆట నేర్చుకున్నవాళ్లు. ఈ వార్త మీ స్పోర్ట్స్ పేజీలో ఎక్కడ వచ్చిందో నేను చాలాసేపు వెతుక్కున్నాను. అదే రోజు ఒక క్రికెటర్ హెయిర్ స్టయిల్‌కి రంగుల ఫొటోతో సహా చోటు దొరికింది.

కాబట్టి మీకు నా మనవి రెండు ముక్కల్లో. హాకీ నవలల మీద ఈసారి రాయించేటప్పుడు ఆ వ్యాసకర్తనో, ఇంకొకరినో తెల్లారి ఆరింటికి ఏదైనా మహిళా కాలేజీ గ్రౌండ్‌కి పంపండి. సున్నంతో గీతలు వేసుకునేది ఎవరో, విరిగిన స్టిక్‌కి టేప్ చుట్టి ఇంకో టోర్నమెంట్ లాగేది ఎవరో, ఆ సంచుల్లో ఏ పుస్తకాలున్నాయో అడిగి రాయమనండి. రెండోది, మీ వారపత్రికలో ఎలాగూ సీరియల్ వేస్తుంటారు. ఏ రచయిత్రికైనా తెలుగులో హాకీ ప్రేమకథ రాయాలనిపిస్తే సియాచిన్ బావ కథ నేను ఉచితంగా ఇస్తాను. షార్ట్ కార్నర్ ఎలా కొడతారో కూడా ఓపిగ్గా చెప్తాను. నావి కొన్ని షరతులున్నాయి. లెఫ్ట్ హాఫే హీరోయిన్‌గా ఉండాలి. బావ నిజంగా ప్రత్యక్షమైనా ఫర్వాలేదు, కాకపోతే ఆయన మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని రావాలి. మా టీముల్లో మంచి మంచి ఆటగత్తెలకు శుభలేఖతో పాటే ఆట ముగిసిపోయింది. అందుకని ఆఖరి వారం పెళ్లి జరిపించినా, ఆ పిల్లని మర్నాడు ప్రాక్టీస్‌కి పంపాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
మదనపల్లె